రెండు వంటిళ్లకు ఒక మీటరు

జూలై 8, మంగళవారం

ఈ రోజు మీటరు బిగించారు. గోడ నాది. పేరు తమ్ముడిది.

ఇది ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే కాగితం మీద ఉండాలి. ఎవరూ అడగరు, అది వేరే సంగతి. మార్కాపురంలో మా వీధికి పైపు గ్యాసు వస్తుందని ఏడాదిగా తవ్వుతూనే ఉన్నారు. ఒక డోరు నంబరుకు ఒకే మీటరు అన్నారు. నాయన పోయిన ఏడు, అంటే 2003లో, ఇంటిని రెండుగా చీల్చుకుని పెరట్లో పలకరాళ్ల గోడ పెట్టుకున్నాం. మునిసిపాలిటీ వాళ్ల పుస్తకంలో మాత్రం ఇల్లు ఇంకా ఒకటే. నా ఆధార్ కార్డు మీద గిద్దలూరు చిరునామా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ గ్రంథాలయం నడిపాను, దాన్ని మార్చుకోవాలని తోచలేదు. తమ్ముడు అంకయ్య కార్డు మీద ఈ డోరు నంబరు ఉంది. కాబట్టి కనెక్షను అంకయ్యది. వీధి గొట్టం నా వైపు నుంచి వచ్చింది కాబట్టి మీటరు మోసే భాగ్యం నాది.

బిగించిన పిల్లవాడి పేరు విక్టర్. పలకల ఫ్యాక్టరీలో పని చేసిన ఏసమ్మ కొడుకు. ఈ పని దొరికి నాలుగు నెలలట, ఆరు నెలలు నిండితే పర్మనెంటు చేస్తారట. మంచి పనివాడు. గొట్టం మీటరు దాటాక రెండుగా చీల్చాడు. ఒకటి నా వంటింటికి, రెండోది గోడ వెంబడి అంకయ్య వంటింటికి. రెండో గొట్టం మొదట్లో పసుపుపచ్చ పిడి ఉన్న మర ఒకటి పెట్టాడు. అదీ నా గోడ మీదే.

"ఇట్ల చీల్చొచ్చునా?" అని అడిగాను.

"రూలు ప్రకారం కాదు తాతా. సూపర్‌వైజరు సారు ఊఁ అన్నాడు. కాగితం మీద మాత్రం రాయలేదు."

అటువైపు నుంచి అంకయ్య గొంతు వినిపించింది. "ఏమే మేకా, మా వైపు వచ్చే గొట్టం వంకర లేకుండా ఏయమను. పుస్తకాలు చదివినోళ్లకు సూటిగా ఉండేదేదీ కనపడదు."

విక్టర్ గోడ మీదుగా తొంగి చూశాడు. "ఆయన ఎవురితో మాట్లాడేది? ఆడ మేక తప్ప ఎవురూ లేరే."

"మేకతోనే నాయనా," అంది మా ఆవిడ వెంకటసుబ్బులమ్మ. "ఇరవై రెండేండ్ల నుంచి ఈ అన్నదమ్ములకు అదే పోస్టాఫీసు. ఆయన ఈయనకు చెప్పేది దానికి చెప్తాడు. ఈయనా దానికే చెప్తాడు. ఇది ఐదో మేక."

పిల్లవాడు నవ్వు ఆపుకోలేక మీటరు వైపు తిరిగాడు. గొట్టంలో గాలి పట్టించి, ఒత్తిడి చూపే గేజీ పెట్టి, ముల్లు కదలకుండా అరగంట నిలబడుతుందో లేదో నన్నే చూడమన్నాడు. చూశాను. ముల్లు కదల్లేదు. మా ఆవిడ అతనికి కాఫీ పేపరు గ్లాసులో ఇచ్చింది. తాగి పారేయడానికి అతనికి సుళువుగా ఉంటుందని.

జూలై 9, బుధవారం

మీటరు ముఖం మీద రాసింది చదివాను. ఈ వీధిలో చదివినవాడిని నేనొక్కడినే అయి ఉంటాను. గంటకు ఎక్కువలో ఎక్కువ రెండున్నర ఘనమీటర్ల గ్యాసు పోనిస్తుంది. అంతకు మించి పోనివ్వమంటే దాని వల్ల కాదు. ముందు ఐదు నల్ల అంకెలు, తర్వాత ఎర్ర అంకెలు మూడు. నల్లవి ఘనమీటర్లు. ఎర్రవి దశాంశాలు, వాటికి బిల్లు లేదు.

సాయంత్రం అంకయ్య వీధిలోంచే మీటరు చూసుకుని పోయి పెరట్లో అరిచాడు. "మేకా, ఒక్క రోజుకే ఎనిమిది వందల నలభై అంట! దోపిడీ!"

ఎర్ర అంకెలు కూడా కలుపుకుని చదివాడు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. నేను గోడ దగ్గరికి పోయి మేకకు దశాంశ బిందువు గురించి వివరించాను. అది శ్రద్ధగా విన్నది. గిద్దలూరులో నా దగ్గరికి వచ్చిన పాఠకుల్లో సగం మంది అంత శ్రద్ధగా వినలేదు.

జూలై 14, సోమవారం

పద్మావతి, అంటే అంకయ్య భార్య, గోడ మీదుగా నూనె గిన్నె అందించింది. "అక్కా, రవ్వంత వాసన చూడు. మురిగిందా?"

"లేదు. ఇంకో వాయికి పనికొస్తాది."

కరోనా వచ్చి పోయినప్పటి నుంచి ఆమెకు వాసన తెలియదు. మాడు వాసన కూడా తెలియదు. పెళ్లిళ్లకు, పండగలకు మురుకులు, చెక్కలు చేసి అమ్ముతుంది. ఆమెకు ముక్కు మా ఆవిడే. ఆడవాళ్లు ఇద్దరూ మొదటి నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వద్దనలేదు. అన్నా వినరు.

జూలై 19, శనివారం

మూడు రోజులుగా నా పొయ్యి మంట నీలంగా లేచి, ఉన్నట్టుండి గోరంత అవుతోంది. ఈ రోజు కారణం తెలిసింది. పద్మావతి మురుకులు వేయించే బట్టీ పొయ్యిని కూడా పైపు గ్యాసుకు తగిలించుకుంది. విక్టర్‌ను పిలిపించాను.

"బట్టీ పొయ్యి ఈ మీటరుకు కాదు తాతా. ఇండ్లల్లో వాడే పొయ్యిలకే ఇది."

నేను లెక్క వేసి చూపించాను. బట్టీకి గంటకు ఒకటిన్నర. నా స్టవ్వు అరా, వాళ్ల స్టవ్వు అరా. మొత్తం రెండున్నర. అంచు దాకా నిండిన చెంబు.

"లెక్క కరెక్టే. మీటరు పోనిచ్చినా ఈ సన్న గొట్టం పోనియ్యాల గదా. ఆమె బట్టీ వెలిగితే మీకు తగ్గుద్ది." సంచి సర్దుకుంటూ అన్నాడు. "దీనికి మందు ఒకటే. డోరు నంబరు రెండు చేయించుకోండి. ఇద్దరూ సంతకాలు పెడితే నెలలో రెండో మీటరు. ఆమెకు దుకాణం కనెక్షను పెద్ద మీటరు తీసుకోవచ్చు."

"మేకా, ముందు ఆయన్ను పెట్టమను," అన్నాడు అంకయ్య గోడవతల.

నేను ఎందుకు ముందు పెట్టాలి? నాయన పదకొండో రోజు, విస్తళ్ల ముందు, కొనకనమిట్ల నుంచి పొదిలి దాకా ఉన్న బంధువులందరూ వింటుండగా, "పుస్తకాలు దాచుకునేటోడికి ఇంత పెరడు ఎందుకు, మూరెడు అటు జరపండి గోడ" అన్నవాడు ఎవరు? అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో ఇప్పుడు చాలామంది లేరు. ఆ మూరెడూ అక్కడే ఉంది.

జూలై 23, బుధవారం

అన్నం ఉడకడానికి నలభై నిమిషాలు. వెంకటసుబ్బులమ్మకు చక్కెర వ్యాధి, వేళకు తినాలి. పన్నెండున్నరకు పోయి ఆ పసుపు పిడిని అడ్డంగా తిప్పాను. పిడి గొట్టం వెంబడి ఉంటే గ్యాసు పోతుంది, అడ్డంగా ఉంటే ఆగుతుంది. నా మంట వెంటనే లేచింది. ఐదు నిమిషాలు మాత్రమే.

జూలై 24, గురువారం

పది నిమిషాలు.

ఆగస్టు 2, శనివారం

ఇప్పుడు దీనికి ఒక పద్ధతి ఏర్పడింది. మొదటి రోజు వాళ్ల పొయ్యి ఉన్నట్టుండి ఆరిపోయి పద్మావతి కంగారు పడిందట. మా ఆవిడ నన్ను గంటసేపు తిట్టింది. "మంట ఆరిపోయినంక ఆ బొత్తాం తెరిచే ఉంటే, నువ్వు మళ్లీ వదిలితే గ్యాసంతా ఇంట్లోకి రాదా? ఆ యమ్మకు వాసన కూడా తెలియదు. పుస్తకాలు చదివితే సరిపోయిందా?"

సరిపోలేదని ఒప్పుకున్నాను. అప్పటినుంచి మూసే ముందు గోడ దగ్గర నిలబడి, "మేకా, మూస్తున్నా, పొయ్యిలు కట్టేసుకోమను" అంటాను. అటునుంచి అంకయ్యో, పద్మావతో "కట్టేసినామని చెప్పు మేకా" అంటారు. తెరిచేటప్పుడు, "మేకా, వదులుతున్నా." "సరే." రోజూ మధ్యాహ్నం ఇంతే. చక్కగా నడుస్తోంది. ఇన్నేళ్లలో మేమిద్దరం ఇంత సక్రమంగా చేసిన పని ఇదొక్కటే.

మా ఆవిడ అంటుంది, "దానికి బదులు 'తమ్ముడా' అని పిలిస్తే నీ పండ్లేమన్నా ఊడతాయా? ఉండేవి కూడా నాలుగే."

ఆగస్టు 11, సోమవారం

కృష్ణాష్టమికి పద్మావతికి పెద్ద ఆర్డరు. పొద్దున్నుంచి రాత్రి దాకా బట్టీ వెలుగుతోంది. మీటరు చివరి ఎర్ర అంకె బొంగరంలా తిరుగుతోంది. చూస్తే కళ్లు తిరుగుతాయి. చూస్తూనే ఉన్నాను.

మరను నాలుగుసార్లు తిప్పాను.

ఆగస్టు 13, బుధవారం

పొదిలి నుంచి ఎవరో వచ్చి మేకను కొనుక్కుని పోయారు. వీధి మలుపు దాకా అరుస్తూనే పోయింది. పీడ వదిలింది.

ఆగస్టు 14, గురువారం

వెంకటసుబ్బులమ్మ చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని పొదిలి వెళ్లింది. ఆదివారం దాటాక వస్తుంది. బస్సుకు పోతూ గోడ మీదుగా పద్మావతితో, "నా ముక్కు నాలుగు రోజులు ఊర్లో ఉండదు, జాగ్రత్త" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆగస్టు 16, శనివారం

పద్మావతికి కాలింది. చేతులు, మెడ, ముఖం. ఒంగోలు తీసుకుపోయారు.

నేను చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఒంటి గంటకు అన్నం పెట్టుకున్నాను. మంట గోరంత కూడా లేదు. గోడ దగ్గరికి పోయి, "మూస్తున్నా, కట్టేసుకోమను" అని మామూలుగా చెప్పాను. గట్టిగానే చెప్పాను. మర మూశాను. అన్నం ఉడికింది. అరగంట తర్వాత, "వదులుతున్నా" అని చెప్పి మర తెరిచాను. తిన్నాను. పడుకున్నాను. కాసేపటికి పెద్ద గుడ్డను గాలికి ఒక్కసారి దులిపినట్టు చప్పుడైంది. ఆ తర్వాత అరుపు.

అంకయ్య ఆర్డరు సరుకు ఇవ్వడానికి బజారుకు పోయి ఉన్నాడు. ఎదురింటివాళ్లు ఆమెను బయటికి తెచ్చారు. నేను మర మూసి, వీధిలోకి పోయి నిలబడ్డాను. ఆమె అరుస్తూ ఉంది. ఎవరో బకెట్లతో నీళ్లు పోస్తున్నారు. నా చేతుల్లో ఏమీ లేదు. అంబులెన్సు నలభై నిమిషాలకు వచ్చింది.

ఎదురింటి వాళ్లతో చెప్పిందట. సరుకు కట్టి ముందు గదిలో పెట్టడానికి పోయి, కాసేపు నడుము వాల్చిందట. వచ్చేసరికి బట్టీ ఆరిపోయి ఉంది. గాలికి ఆరిందనుకుని అగ్గిపుల్ల గీసింది.

చెప్పాను. విననిది వాళ్లు.

ఆగస్టు 18, సోమవారం

మా ఆవిడ పొదిలి నుంచి ఒంగోలుకు పోయి, పద్మావతిని చూసి ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నువ్వు చెప్పకుండా తిప్పినావా?"

"చెప్పాను."

"ఎవురికి చెప్పినావు?"

"గోడ దగ్గర నిలబడి చెప్పాను. మేకకు."

"ఏ మేకకు?"

నేను మంచం మీది పేపరు మడత పెట్టాను.

"బుధవారమే అమ్ముకున్నారు కదయ్యా. నేను ఉండంగానే. ఏ మేకకు చెప్పినావు?"

గమనించలేదన్నాను. అలవాటులో చెప్పానన్నాను. ఆమె వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించలేదు. కనెక్షను ఆపేశారు.

ఆగస్టు 19, మంగళవారం

ఈ డైరీ వెనక్కి తిప్పాను. పదమూడో తేదీ నా చేతిరాతే. "పీడ వదిలింది."

ఆ పేజీ చింపుదామని అంచు పట్టుకున్నాను. గ్రంథాలయంలో ఉన్నప్పుడు పేజీ చింపిన పాఠకుణ్ణి ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబెట్టి కార్డు రద్దు చేశాను. కాలేజీ లెక్చరరు అయినా వదల్లేదు. వాడు బయటికి పోతూ నన్ను చూసిన చూపు గుర్తుంది. చింపలేదు. అది ధర్మం వల్ల అని రాసుకుంటే బాగుంటుంది. భయం వల్ల.

ఆ శనివారం మేక లేదని నాకు తెలుసు. గుంజ కనబడుతూనే ఉంది. అక్కడ నిలబడి ఖాళీ గుంజకు చెబితే వీధివాళ్లు నవ్వుతారనిపించింది. అంకయ్యను పేరు పెట్టి పిలవాలి. లేదా పద్మావతిని పిలవాలి. నోరు తెరిచాను. అది నిజం. నోరు తెరిచాను. శబ్దం వచ్చిందో లేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

ఆగస్టు 20, బుధవారం

రాలేదు.

ఇంకొకటి ఉంది. అదీ రాసేస్తాను. మర తెరిచాక మీటరు చూశాను. చూడకుండా ఉండలేను కదా, ఈ వీధిలో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చివరి ఎర్ర అంకె బొంగరంలా తిరుగుతోంది. అంటే బట్టీ పొయ్యి బొత్తాం తెరిచే ఉంది. "అదిగో, అప్పుడే వెలిగించేసింది, ఒక్క నిమిషం ఆగదు" అనుకున్నాను. అనుకుని విసుక్కుని లోపలికి పోయాను.

మీటరుకు మంట సంగతి తెలియదు. పోయిన గ్యాసు సంగతే తెలుసు. మండిన గ్యాసుకూ, ఇంట్లో నిండుతున్న గ్యాసుకూ దానిది ఒకే లెక్క. నేను దాని ముఖం మీది ప్రతి అక్షరమూ చదివాను. ఆమె ముఖం చూసి నెల అయింది.

ఆగస్టు 22, శుక్రవారం

సూపర్‌వైజరు వచ్చాడు, వెంట విక్టర్. గొట్టాల కీళ్లన్నిటికీ సబ్బు నురగ పూశారు. ఎక్కడా బుడగ రాలేదు. నేను చూశాను, విక్టర్ చూశాడు, సూపర్‌వైజరూ చూశాడు. చూసి కాగితం మీద, "అదనపు గొట్టం కీలు వద్ద బిగింపు లోపం, ఫిట్టరు పరీక్ష సరిగా చేయలేదు" అని రాశాడు.

"సార్, బుడగ రాలేదు గదా," అన్నాడు విక్టర్.

"మరి గ్యాసు ఆకాశంలో నుంచి ఊడిపడిందా? ఈ చీలిక ఎవురు వేసినారు?"

"మీరే ఊఁ అన్నారు సార్."

"ఎక్కడ రాసినా?"

విక్టర్ నా వైపు చూశాడు. ఆ తర్వాత పసుపు పిడి వైపు చూశాడు. నేను పక్క గదిలో ఫోను మోగినట్టు లోపలికి పోయాను. మా ఇంట్లో పక్క గదిలో ఫోను లేదు.

అన్యాయం చేసేవాడు తన మీదికి వచ్చే కాగితం లేకుండా చూసుకుంటాడు. ఈ సూపర్‌వైజరు లాంటివాడు ఒకడు మా జిల్లా గ్రంథాలయ సంస్థలో ఉండేవాడు. వాడి గురించి పది పేజీలు రాయగలను. ఈ రోజు ఆ పది పేజీల కోపం రావడం లేదు. తెచ్చుకుందామని చూశాను.

ఆగస్టు 24, ఆదివారం

విక్టర్‌ను పనిలోకి రావద్దన్నారట. పైవాళ్లు విచారణ చేసి తేలుస్తారట. ఎదురింటివాళ్లు చెప్పారు.

ఆగస్టు 28, గురువారం

పొద్దున ఆరు గంటలకు తలుపు కొట్టారు. అంకయ్య.

అరవై తొమ్మిదేళ్లు వాడికి. ఇంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. చెవుల మీద వెంట్రుకలు నాయనకు లాగే ఉన్నాయి. మా ఆవిడ కుర్చీ వేసింది. కూర్చోలేదు.

"అన్నా," అన్నాడు.

ఆ మాట వినడానికి ఇరవై రెండేళ్లు ఆగాను. వాడు ఎప్పుడంటాడో, అన్నప్పుడు నేను ఎంత నిబ్బరంగా ముఖం తిప్పుకోవాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను. ముఖం తిప్పుకోవడానికి చోటు దొరకలేదు.

"ఫిట్టరు తప్పని రాస్తేనే గ్యాసు కంపెనీ ఇన్సూరెన్సు ఇస్తారంట. ఒంగోల్లో ఇంకా నెల ఉండాల. చేతులకు తొడ చర్మం తీసి ఏస్తారంట, రెండు ఆపరేషన్లు. అది ఆగిపోతే చేతి వేళ్లు ముడుచుకపోయి అట్లే ఉంటాయంట."

"అంకయ్యా, ఆ రోజు నేను..."

"నేను అడగలేదు." గొంతు పెంచాడు. వెంటనే తగ్గించాడు. "నువ్వు చెప్పినావా, లేదా అని నేను అడగలేదు. అడగను. విచారణకు వాళ్లు వస్తే నువ్వు ఏమీ చెప్పమాక. అంతే. నీకు దండం పెడతా."

"ఆ పిల్లోడు?"

"ఆ పిల్లోడికి వయసుండాది. ఇంకో పని దొరుకుద్ది. పద్మావతికి ఇంకో చేతులు దొరుకుతాయా?"

దీనికి జవాబు ఉంటుంది. నేను చదివిన పుస్తకాల్లో కనీసం నలభై చోట్ల ఉండి ఉంటుంది.

పోతూ గడప దగ్గర ఆగాడు. "ఆమెకు నేను చెప్పినా. అన్న గోడకాడికి వచ్చి చెప్పినాడు, నీకే వినపడలేదు అని. అది అట్లే ఉండనీ."

మా ఆవిడ కాఫీ తెచ్చేసరికి పోయాడు.

ఆగస్టు 29, శుక్రవారం

రోజంతా రెండు తాళ్లు పేనుతున్నట్టుగా ఉంది. నిజం చెబితే పద్మావతి చేతులు పోతాయి. చెప్పకపోతే విక్టర్ బతుకు పోతుంది. ఏ తాడు లాగినా ముడి నా మెడకు బిగుసుకోదు. వాళ్లకే బిగుసుకుంటుంది. తప్పు చేసినవాణ్ణి తప్ప అందరినీ శిక్షించే ఏర్పాటు ఇది.

"నువ్వేమంటావు?" అని మా ఆవిణ్ణి అడిగాను. యాభై ఏళ్లలో ఆమెను సలహా అడగడం ఇది రెండోసారో, మూడోసారో.

"నన్ను ఇప్పుడు అడుగుతున్నావా?" అంది. బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

సెప్టెంబరు 3, బుధవారం

విక్టర్ వచ్చాడు. తెల్ల కాగితం, పెన్ను తెచ్చుకున్నాడు. రేపు విచారణట.

"తాతా, గేజీ పరీక్ష మీ ఎదురుగానే చేసినా గదా. ముల్లు కదల్లేదు గదా. అదొక్కటి రాసి సంతకం పెట్టియ్యండి."

అది నిజమే. నిజానికి సంతకం పెట్టడంలో తప్పేముంది? రాశాను. అక్షరాలు గుండ్రంగా, ఒత్తుగా, పాత రిజిస్టర్లలో రాసినట్టు రాశాను.

అతను చదువుకున్నాడు. "మరి గ్యాసు ఎట్ల వచ్చింది అని అడుగుతారు తాతా. దానికి?"

అవతల అంకయ్య ఇంట్లో తలుపు కిర్రుమంది. వాడు పెరట్లోకి వచ్చి నిలబడ్డాడని నాకు తెలుసు. దగ్గు వినబడింది.

"నాకు తెలియదు," అన్నాను.

"అదీ రాయండి."

రాశాను. 'గ్యాసు ఎలా వచ్చినదీ నాకు తెలియదు.' సంతకం పెట్టి తేదీ వేశాను.

విక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి మీటరు దగ్గరికి పోయాడు. పసుపు పిడి మీద వేలు పెట్టాడు, తిప్పలేదు.

"ప్రమాదమైన రోజు సాయంత్రమే వచ్చినా తాతా, సారు కంటే ముందు. అప్పటికి ఈ పిడి అడ్డంగా ఉండాది. ఎవురో మూసినారు. గ్యాసు వాసనొస్తే మూసేది మెయిన్ మర, వాళ్లింటి మర ఒక్కటే కాదు. దీన్ని తిప్పే అలవాటు ఉన్నోళ్లే దీన్ని మూస్తారు."

నేను పెన్నుకు మూత పెట్టి అతనికి అందించాను.

"రేపు నేనే చెప్పొచ్చు. 'ముసలాయన తిప్పినాడు' అంటే నన్ను నమ్ముతారా, మిమ్మల్ని నమ్ముతారా? అందుకే మిమ్మల్నే రాయమన్నా. మీరు చదువుకున్నోళ్లు, రాస్తారేమో అనుకున్నా." జేబు తడుముకున్నాడు. "పర్లేదు తాతా. ఈ పరీక్ష ముక్క అయినా రాసిచ్చినారు."

వెంకటసుబ్బులమ్మ కాఫీ తెచ్చింది. స్టీలు గ్లాసులో. అతను వద్దని దండం పెట్టి పోయాడు.

సెప్టెంబరు 4, గురువారం

పిలుస్తారేమోనని చొక్కా వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. నన్ను పిలవలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

ఫిట్టరు నిర్లక్ష్యం అని తేల్చారు. ఇన్సూరెన్సు మంజూరవుతుందట. విక్టర్ కనిగిరిలో ఎవరి దగ్గరో బండలు పరిచే పనికి పోయాడని మా ఆవిడ చెప్పింది. ఏసమ్మ బజారులో ఎదురుపడి, ఎప్పటిలాగే "బాగుండావా అమ్మా" అని అడిగిందట.

"నువ్వేం చెప్పావు?"

"బాగుండామని చెప్పినా. ఇంకేం చెప్పేది?"

సెప్టెంబరు 13, శనివారం

డోరు నంబరు రెండు చేయడానికి దరఖాస్తు తెచ్చాను. ముందు నేనే సంతకం పెట్టి గోడ మీద రాయి కింద పెట్టాను. సాయంత్రానికి అంకయ్య సంతకం పెట్టి తిరిగి అక్కడే పెట్టాడు. రెండు నిమిషాల పని. రెండో మీటరు నెలలో వస్తుందట.

సెప్టెంబరు 20, శనివారం

పద్మావతిని ఇంటికి తెచ్చారు. ఆపరేషన్లు బాగా జరిగాయట. మా ఆవిడ పొద్దున్నుంచి అక్కడే ఉంది. పదకొండు గంటలకు వచ్చి, "నిన్ను రమ్మంటాంది" అంది.

"నన్నా? ఎందుకు?"

"నాకేం తెలుసు? పో."

వీధిలోంచి చుట్టు తిరిగి పోయాను. ఆ గడప తొక్కడం నాయన పోయాక ఇదే మొదలు. అంకయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు, నా వైపు చూడలేదు. వంటింటి పైకప్పు ఇంకా నల్లగానే ఉంది. ఈ గ్యాసు తేలిక, పైకి పోతుంది. ఆ సంగతి నేను జూలైలోనే చదివాను.

పద్మావతి ముఖం ఒక పక్క తెల్లగా, పొర లేచిన గోడలా ఉంది. రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు.

"రా బావా. కూర్చో."

కూర్చున్నాను.

"ఆస్పత్రిలో ఒకటే ఆలోచన బావా. ఇన్నేండ్లు గోడవతల ఉండి, ఒక్క మాట చెప్పకుండా తిప్పేటంత పగేంది మా మీద, మేమంత చెడ్డోళ్లమా అని. ఏడ్చినా. కాలిన దానికంటే దానికే ఎక్కువ ఏడ్చినా." దిండు మీద తల నా వైపు తిప్పింది. "తర్వాత ఈయన చెప్పినాడు. నువ్వు గోడకాడికి వచ్చి చెప్పినావంట గదా. నేను ముందు గదిలో పడుకోని ఉన్నా, నాకే వినపడలే. నిన్ను అట్ల అనుకున్నందుకు తప్పయిపోయింది బావా."

అంకయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది.

"చెప్పినావు గదా బావా?"

"చెప్పినా," అన్నాను.

"అంతే చాలు," అంది. కళ్లు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగింది. నాకు దండం పెట్టాలని రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. కట్లు లావుగా ఉన్నాయి. కలవలేదు.